దాచిన విద్య – వ్రాసిన విద్య

గ్రంథాలయమనగా చదువుకొనుటకు పుస్తకములిచ్చు చోటని మనమందఱము నెఱుగుదుము. కాని పెద్ద గ్రంథాలయములు అప్పుడప్పుడు మఱియొక పని కూడ చేయుచుండును. తమ భాండాగారములలోని ప్రాచీన గ్రంథములను, తాళపత్రములను, పటములను, పరికరములను వెలికి దీసి, అద్దపు పెట్టెలలో నమర్చి, ఒక్కొక్కదాని ప్రక్కన దాని వృత్తాంతమును వ్రాసియుంచి ప్రజలకు చూపును. విజ్ఞానశాస్త్ర చరిత్రను, వైద్యశాస్త్ర చరిత్రను దెలుపు ప్రదర్శనములు ఇట్టివే. ఆ పెట్టెలలోని పుస్తకములను చేతబట్టి చదువుటకు వీలులేదు. చదువ వీలున్నను అందలి భాష అందఱకును తెలియదు. అట్లయినచో ఆ ప్రదర్శనమువలన ప్రయోజనమేమని పెద్దలు అడుగవచ్చును.

ఆ ప్రయోజనమును ముందుగానే చెప్పెదను. వైద్యవిద్య ఎట్లు పెరిగినదో, ఎచ్చట ఆగిపోయినదో ఆ పెట్టెలు చూపును. వానిని వరుసగా చూచినవారికి ఒక సంగతి స్పష్టమగును. తెలిసినవాడు దాచుకొన్న వైద్యము వానితోనో, వాని వంశముతోనో ముగిసినది. తెలిసినవాడు వ్రాసి నలుగురి ముందుంచిన వైద్యము, తప్పున్నచోట దిద్దబడి, ఒప్పున్నచోట లోకమంతట వ్యాపించినది. ఈ సంగతి మన గ్రామములకు మిక్కిలి ముఖ్యమైనది. ఏలయన మూలికా రహస్యములును, తాటాకు కట్టలును నేటికిని మన యిండ్లలో నున్నవి. రేడియోలో వస్తువులను చూపుట సాధ్యముకాదు గనుక, అట్టి ప్రదర్శనములో నుంచదగిన కొన్నిటిని మాటలతో మీ ముందుంచెదను.

మొదటి పెట్టెలో నుంచదగినది భూర్జపత్రములపై వ్రాసిన యొక సంస్కృత గ్రంథము. భూర్జము హిమాలయ ప్రాంతములలో పెరుగు వృక్షము. మనకు తాటాకు ఎట్లో, ఉత్తరదేశమువారికి ఆ చెట్టు బెరడు అట్లు వ్రాతకు పనికివచ్చెడిది. 1890లో హామిల్టన్ బౌవర్ అను ఆంగ్ల సైనికోద్యోగి యొక హంతకుని వెదకుచు, హిమాలయముల కావల మధ్య ఆసియాలోని కూచా అను ఊరు చేరెను. ఆ ఊరు నేడు చైనా దేశములోనిది. అచ్చట నిధులకై పాడుదిబ్బలు త్రవ్వువారికి ఈ బెరడు ఆకుల కట్ట దొరకియుండెను. ఆయన దానిని కొని పంపగా, అది కలకత్తాలోని ఏషియాటిక్ సొసైటీకి చేరెను. రుడాల్ఫ్ హెర్న్‌లె అను పండితుడు ఆ లిపిని చదివి, 1893 మొదలు 1912 వరకు శ్రమించి దానిని భాగములుగా ప్రకటించెను. అది గుప్తరాజుల కాలపు లిపి. గ్రంథము సుమారు పదునైదువందల యేండ్లనాటిది. ఇప్పుడది ఇంగ్లాండులోని ఆక్స్‌ఫర్డు నగరమున బోడ్లియన్ గ్రంథాలయములో కలదు.

ఆ కట్టలో ఏడు భాగములున్నవి. అందు మొదటి మూడును వైద్యమునకు సంబంధించినవి. మొదటి భాగము వెల్లుల్లి గుణములను విస్తరించి చెప్పును. రెండవ భాగము పేరు నావనీతకము. నవనీతమనగా వెన్న, పూర్వవైద్యుల గ్రంథములను చిలికి తీసిన వెన్న యని దాని భావము. చూర్ణములు, ఘృతములు, తైలములు, కషాయములు మున్నగువాని యోగములు అందు కలవు. ఆ గ్రంథకర్త యెవరో, ఆ వైద్యుడు నివసించిన యిల్లేదో నేడు లేదు. ఆ యూరిలో సంస్కృతము చదువువారును లేరు. ఇసుకలో కప్పబడియుండినను వ్రాత నిలిచినది. వ్రాత నిలిచినది గనుక ఆ వైద్యుడేమి యెఱుగునో మనకు తెలిసినది.

అయితే ఆ కట్టలోనే పాచికలు వేసి శుభాశుభములు చెప్పు భాగములు రెండును, పాము కఱవకుండ పఠింపవలసిన మంత్రముల భాగములు రెండును కలవు. కాబట్టి ప్రాచీనమైనదంతయు వైద్యము కాదు, వ్రాసినదంతయు సత్యము కాదు. వ్రాతవలన కలుగు మేలు ఏమనగా, ఒప్పును తప్పును రెండును మన కన్నులయెదుట నిలుచును. వానిని వేఱుచేయు పని మనది. దాచినచో ఆ పనికే యవకాశము లేదు.

రెండవ పెట్టెలో పుస్తకమునకు బదులు ఒక యినుప పరికరము నుంచవలెను. దాని కథ దాచిన విద్యకు గొప్ప దృష్టాంతము. 1569లో ఫ్రాన్సు దేశపు మతకలహములకు వెఱచి విలియం చేంబర్లెన్ అనునాతడు కుటుంబముతో ఇంగ్లాండు చేరెను. ఆయన కుమారులలో ఇద్దఱికి పీటరనియే పేరు. వారిరువురును వైద్యవృత్తిలో ప్రవేశించిరి. ఆ కాలమున శిశువు తల అడ్డుపడి ప్రసవము కానిచో, మంత్రసానికి చేయగలిగినది ఏమియు లేకపోయెడిది. పిలువబడిన వైద్యుడు తఱచుగా కొక్కెములతో శిశువును ఛేదించి తల్లినైన బ్రతికింప ప్రయత్నించెడివాడు. అట్టి సమయమున చేంబర్లెనులు పటకారువంటి యొక పరికరమును కల్పించిరి. దానికి రెండు వంకర రేకులు. వానిని విడివిడిగా లోపలికి పోనిచ్చి, శిశువు తలకు ఇరుప్రక్కల నమర్చి, పిమ్మట జతచేసి మెల్లగా వెలికి తీయుదురు. ఇట్లు తల్లియు బిడ్డయు బ్రతుకుటకు మార్గమేర్పడెను.

ఇంతటి విద్యను వారు తమ కుటుంబమున రహస్యముగా నుంచుకొనిరి. ఇద్దఱు మోయవలసిన పెద్ద పెట్టెలో దానిని తెచ్చెడివారనియు, గదిలోనివారినందఱిని వెలుపలికి పంపెడివారనియు, ప్రసవవేదన పడుచున్న తల్లి కన్నులకు సైతము గంతలు కట్టెడివారనియు చెప్పుదురు. మూడవ తరమువాడగు హ్యూ చేంబర్లెన్ 1670లో పారిసు నగరమునకు పోయి, ఆ రహస్యమును పెద్ద సొమ్మునకు విక్రయింప జూచెను. అచ్చటి ప్రసవవైద్యులలో ప్రముఖుడగు మోరిసో, ఎముకలు వంగి ప్రసవము దుస్సాధ్యమైన యొక స్త్రీని చూపి పరీక్షింపుమనెను. హ్యూ గంటలకొలది ప్రయత్నించియు విఫలుడయ్యెను. ఆ తల్లి మరణించెను. బేరము కుదురలేదు. హ్యూ తిరిగివచ్చి మోరిసో వ్రాసిన ప్రసవవైద్య గ్రంథమును ఆంగ్లమునకు తర్జుమా చేసి ప్రకటించెను. తమ కుటుంబమునకు ఒక రహస్యము తెలియుననియు, తండ్రియు సోదరులును దానివలననే జీవించుచున్నారు గనుక బయట పెట్టజాలననియు ఆ పీఠికలో చెప్పుకొనెను. ఇతరుడు దాచక వ్రాసిన విద్యను తన దేశమునకు తెచ్చుకొన్నవాడే తన విద్యను దాచెనన్నమాట.

ఆ పరికరముల సంగతి ఇతర వైద్యులకు క్రమముగా తెలిసి, 1733లో ఎడ్మండ్ చాప్‌మన్ అను వైద్యుడు తన గ్రంథమున దాని నుపయోగించు విధము ముద్రించువఱకు నూఱేండ్లకు పైగా గడచినవి. 1813లో ఇంగ్లాండులోని ఎసెక్సు మండలమున, చేంబర్లెనులు పూర్వము నివసించిన యింటిలో, నేలపలకల క్రింద దాచియుంచిన పరికరములు బయటపడెను. అప్పటికి ఆ యింటి యజమానుడైన మూడవ పీటరు మరణించి 130 ఏండ్లయినది. ఆ నూఱేండ్లలో ఆ పటకారు లేక ఎందఱు తల్లులు చనిపోయిరో లెక్కించినవారు లేరు. వేఱొక నష్టము కూడ కలదు. రహస్యమగుటచేత ఆ పరికరము ఏ తల్లికి పనికివచ్చునో, ఏ తల్లికి పనికిరాదో పదిమంది వైద్యులు కలిసి పరీక్షించుటకు వీలులేకపోయెను. పారిసులో మరణించిన తల్లి దానికి సాక్షి.

మూడవ పెట్టెలో లండను నగరమున అచ్చయిన యొక మాసపత్రిక నుంచవలెను. అది 1794 అక్టోబరు నాటి జెంటిల్మన్స్ మ్యాగజైన్. అందలి యొక జాబు మన దేశమును గూర్చినది. కావస్జీ అను మహారాష్ట్రుడు ఆంగ్ల సైన్యములో ఎడ్లు తోలువాడు. 1792 నాటి మైసూరు యుద్ధమున అతడు టిప్పు సుల్తానుకు చిక్కెను. అతని ముక్కును, ఒక చేతిని కోయించిరి. ఏడాదికాలము ముక్కు లేకయే యుండిన పిమ్మట, పూనా సమీపమున ఇటుకలు చేయు కులమునకు చెందిన యొకడు అతనికి క్రొత్త ముక్కు అమర్చెను.

ఆ జాబు పద్ధతిని పూర్తిగ వర్ణించినది. పలుచని మైనపు రేకును తెగిన ముక్కు ఆకారమునకు సరిపడ అమర్చి చూచి, దానిని విప్పి నొసటిపై పఱచి, చుట్టును గీత గీయుదురు. ఆ గీత వెంబడి నొసటి చర్మమును కోసి పైకెత్తుదురు. కాని కనుబొమల నడుమ సన్నని తునుకను కోయక విడుతురు. ఆ తునుకద్వారమున రక్తము ప్రసరించుచుండును గనుక చర్మము చావదు. పిమ్మట ఆ చర్మమును మెలిత్రిప్పి క్రిందికి దించి, ముక్కు అంచులకు అతికింతురు. అది అంటుకొన్న కొన్నాళ్లకు నడిమి తునుకను కోసివేయుదురు. ఈ చికిత్స ఈ దేశమున చిరకాలముగా నున్నదని జాబు వ్రాసినవాడు తెలిపెను.

నిజముగ చిరకాలమునాటిదే. సుశ్రుతసంహితలో ముక్కు అమర్చు విధము కలదు. అందు నొసటికి బదులు చెక్కిలి చర్మము చెప్పబడినది. ఆకుతో ముక్కు కొలత తీసి, ఆ కొలతకు చెక్కిలి చర్మమును ఒక కొస విడువక కోసి, ముక్కుకు అతికించి, ఊపిరి పీల్చుటకు రెండు గొట్టములుంచి, అతిమధురము మున్నగువాని చూర్ణము చల్లి, దూది కప్పి, నువ్వులనూనెతో తడుపవలెనని అందున్నది. శవమును గడ్డితో చుట్టి, పారు నీటిలో ఏడు రాత్రులు నాననిచ్చి, పొరపొరగా శరీరమును పరీక్షింపవలెననియు, కంటితో చూచినదియు శాస్త్రమున చదివినదియు కలిసిననే జ్ఞానము వృద్ధియగుననియు సుశ్రుతుడు బోధించెను. కాలక్రమమున చదివినవారు కత్తి పట్టుట మానిరి; కత్తి పట్టినవారికి చదువు లేకపోయెను. పుస్తకము పండితునియింట, చేతినేర్పు ఇటుకలు చేయువానియింట మిగిలిపోయెను. ఈ రెండును విడిపోవుటయే మన వైద్యమునకు కలిగిన పెద్ద హాని.

లండనులో ఆ జాబును చదివినవారిలో జోసెఫ్ కార్ప్యూ అను శస్త్రవైద్యుడొకడు. ఆయన చిరకాలము శవములపై అభ్యసించి, 1814లో ఒక సైనికోద్యోగికి ఆ ప్రకారముగ ముక్కు అమర్చి జయము పొందెను. అట్టివే రెండు చికిత్సలను వర్ణించి 1816లో పుస్తకము ప్రకటించెను. అచ్చటినుండి ఆ విద్య ఐరోపాయంతట వ్యాపించెను. నేటి శస్త్రవైద్యులును నొసటి చర్మముతో ముక్కు బాగుచేయు పద్ధతిని వాడుచున్నారు.

ఒక సంగతి గమనింపుడు. ఆ జాబులో రోగి పేరున్నది. చికిత్సను కన్నులార చూచిన ఆంగ్ల వైద్యుల పేర్లున్నవి. చేసినవాని పేరు మాత్రము లేదు. వాని తండ్రికి, తాతకు ఆ నేర్పు ఎట్లబ్బినదో తెలియదు. వాని మనుమలకు అబ్బినదో లేదో తెలియదు. వాని చేతినేర్పు బ్రతికినది చూచినవారు వ్రాయుటవలననే. చేసినవాడు వ్రాసియుండినచో, లేక వ్రాయగలవాడొకడు వాని ప్రక్క గూర్చుండి అడిగియుండినచో, ఆ పుస్తకము మన భాషలోనే పుట్టియుండును గదా!

నాలుగవ పెట్టెలో నుంచదగినది 1753లో అచ్చయిన యొక గ్రంథము. దానిని వ్రాసినవాడు ఆంగ్ల నౌకాసైన్యపు వైద్యుడు జేమ్సు లిండ్. ఆ కాలమున నెలలకొలది సముద్రముమీద నుండు నావికులకు స్కర్వీ అను వ్యాధి వచ్చెడిది. పండ్లచిగుళ్లు కుళ్లి రక్తము కారును, పాతగాయములు తిరిగి విచ్చును, కాళ్లు నీరు పట్టును, తుదకు మరణము. యుద్ధములో చనిపోయిన నావికులకంటె ఈ వ్యాధిచేత చనిపోయినవారే యెక్కువ. దీనికి ఒక్కొక్క వైద్యుడు ఒక్కొక్క మందు చెప్పెడివాడు. 1747లో లిండ్ సాల్సుబరీ అను ఓడమీద నుండగా, ఒకే తీరుగా వ్యాధిగ్రస్తులైన 12 మందిని ఎన్నుకొనెను. వారినందఱిని ఒకే చోటనుంచి, ఒకే భోజనము పెట్టించి, ఇద్దఱిద్దఱిని ఆఱు జతలుగ చేసెను. ఒక జతకు ఆపిలు సారాయము, ఒక జతకు గంధకామ్లము కలిపిన నీరు, ఒక జతకు పుల్లని సిరకా, ఒక జతకు సముద్రపు నీరు, ఒక జతకు వెల్లుల్లి ఆవాలు మున్నగువానితో నూఱిన ముద్ద, ఒక జతకు దినమునకు రెండేసి నారింజలు, ఒక్కొక్క నిమ్మపండు ఇచ్చెను. ఆఱు దినములలో పండ్లు అయిపోయెను. అప్పటికే పండ్లు తిన్న యిద్దఱిలో ఒకడు పనికి పోగలిగినవాడయ్యెను. రెండవవాడు ఇతర రోగులకు సేవ చేయగలవాడయ్యెను. మిగిలిన మందులు అట్టి ఫలము నీయలేదు.

ఎవని మాట పెద్దది, ఎవని గురువు గొప్పవాడు అను ప్రశ్న ఇందులో లేదు. సమానులైన రోగులకు వేర్వేఱు మందులిచ్చి, ఫలమును కంటితో చూచి, వ్రాసిపెట్టుటయే యున్నది. మందును పరీక్షించుటకు ఇంతకంటె న్యాయమైన మార్గము లేదు. నేటి ఆసుపత్రులలో క్రొత్తమందులను పరీక్షించు విధమునకు ఇదియే మూలరూపము.

కాని వ్రాసినంతమాత్రమున పని ముగియదు. లిండ్ గ్రంథము అచ్చయిన 42 ఏండ్లకు, అనగా 1795లో గాని, ఆంగ్ల నౌకాసైన్యము నావికులకు నిమ్మరసము ఇప్పించుట ప్రారంభింపలేదు. లిండ్ అంతకు ముందటి యేడే మరణించెను. ఆలస్యమునకు ఆయన గ్రంథమును కొంత కారణమే. పెద్ద గ్రంథములో ఆ పరీక్ష కొద్ది పుటలలో నడగిపోయెను; నిలువయుండుటకై రసమును కాచి చిక్కబఱుపవలెనని ఆయన చెప్పిన పద్ధతివలన దాని శక్తి తగ్గిపోయెను. అయినను వ్రాత యుండుటచేతనే తరువాతివారు దానిని చదివి, తప్పును విడిచి, ఒప్పును గ్రహింపగలిగిరి. ఆ పండ్లలోని గుణము విటమిను సి అని ఇరువదవ శతాబ్దమున తేలినది. మన ఉసిరికాయలో అది సమృద్ధిగ కలదు.

ఐదవ పెట్టె మన దేశమునకు, అందును మన తెలంగాణమునకు సంబంధించినది. చలిజ్వరమనబడు మలేరియా చెడుగాలివలన పుట్టునని లోకము తలచుచుండెను. ఆ పేరునకే చెడుగాలి యని యర్థము. అల్మోరాలో పుట్టి, భారత వైద్యసేవలో చేరిన రొనాల్డు రాస్, దోమలకును ఈ జ్వరమునకును గల సంబంధమును వెదకుచు సికింద్రాబాదులో పని చేయుచుండెను. రెండేండ్లు వేర్వేఱు దోమలను కోసి చూచియు ఫలము కానక విసుగు చెందెను. 1897 ఆగస్టులో రెక్కలపై మచ్చలున్న దోమలు ఆయనకు లభించెను. హుసేన్‌ఖాన్ అను జ్వరపీడితుడు ఆ దోమలచేత కుట్టించుకొనుట కంగీకరించెను; దోమకు ఒక అణా చొప్పున రాస్ అతనికి సొమ్మిచ్చెను. ఆగస్టు 20వ తేదీన అట్టి దోమయొకదాని కడుపుగోడలో, అంతకు ముందు ఏ దోమలోను కనబడని గుండ్రని కణములను, వానిలో మలేరియా క్రిములకు గురుతైన నల్లని రేణువులను ఆయన సూక్ష్మదర్శినిలో చూచెను.

రాస్ అది చూచి దాచుకొనలేదు. ఆ కణముల బొమ్మలతో కూడిన వ్యాసము ఆ యేటి డిసెంబరులోనే లండనులోని బ్రిటిష్ మెడికల్ జర్నల్ అను పత్రికలో వెలువడెను. మఱుసటి యేట కలకత్తాలో పక్షుల మలేరియాను పరీక్షించి, ఆ క్రిమి దోమ లాలాజలమునకు చేరి, కాటుద్వారమున మరల పక్షికి ప్రవేశించుటను కనిపెట్టెను. ఇటలీలోని పండితులు అదే సంవత్సరమున మనుష్యుల మలేరియా విషయమున దానిని నిరూపించిరి. 1902లో రాస్ నోబెల్ బహుమానము పొందెను. ఆయన పరిశోధన చేసిన బేగంపేటలోని భవనము నేటికిని కలదు. చెడుగాలికి వెఱచి కిటికీలు మూసికొన్నవారు, నిలువనీటిని తొలగించి దోమతెర కట్టుకొనుట నేర్చినది ఈ వ్యాసముల ఫలమే.

ఇక మన గ్రంథముల మాట. బసవరాజను ఆంధ్ర వైద్యుడు రచించిన బసవరాజీయము, సంస్కృతముతోపాటు తెలుగును గలిపి వ్రాసిన వైద్యగ్రంథము. తెలుగు వైద్యులకు అది తరతరములుగ ఆధారమైనది. తంజావూరి సరస్వతీమహలు గ్రంథాలయములో తెలుగు వ్రాతప్రతులు అనేకము కలవు. 1798 మొదలు 1832 వరకు తంజావూరును పాలించిన శరభోజి మహారాజు నేత్రవైద్యమున ఆసక్తిగలవాడై, రోగుల కన్నుల బొమ్మలు వ్రాయించి, చేసిన చికిత్సను, కలిగిన ఫలమును కాగితములపై నమోదు చేయించెను. ఆ కాగితములును ఆ గ్రంథాలయములోనే కలవు. 1956లో విశాఖపట్టణపు ఆంధ్ర వైద్యకళాశాలలో డాక్టరు డి. వి. సుబ్బారెడ్డి గారి యాధ్వర్యమున వైద్యచరిత్రకు ప్రత్యేకశాఖ యేర్పడి, పిమ్మట హైదరాబాదునకు తరలినది. నేడది భారతీయ వైద్య వారసత్వమునకు జాతీయసంస్థగా వెలసి, గ్రంథాలయమును, ప్రదర్శనశాలను కలిగియున్నది.

ఇట్టి పాతగ్రంథములు పండితులకు తప్ప ఇతరులకు పనికిరావని తలచువారికి పసుపు కథ చెప్పెదను. గాయమునకు పసుపు పెట్టుట మన యింటింట తెలిసినదే. 1995లో అమెరికా దేశము, గాయములు మాన్పుటకు పసుపు వాడుటను క్రొత్తగా కనిపెట్టిన పనిగా నెంచి, మిసిసిపీ విశ్వవిద్యాలయ వైద్యకేంద్రమువారికి దానిపై పేటెంటు, అనగా సర్వహక్కు ఇచ్చెను. మన ప్రభుత్వపు శాస్త్రీయ పారిశ్రామిక పరిశోధనా మండలి దానిని ప్రశ్నించెను. మా అవ్వలకు తెలియునన్న మాట ఆ కార్యాలయమున చెల్లదు. వ్రాసిన సాక్ష్యము కావలెను. మండలివారు సంస్కృత గ్రంథములనుండియు, 1953లో మన దేశపు వైద్యపత్రికలో వెలువడిన వ్యాసమునుండియు, ఇట్టి పెక్కు ఆధారములు చూపిరి. 1997లో ఆ హక్కు రద్దయ్యెను. తరువాత 2001లో ఆయుర్వేదము, యునాని, సిద్ధ గ్రంథములలోని యోగములను ఐదు విదేశభాషలలో నమోదుచేయు పెద్ద పనిని ప్రభుత్వము ప్రారంభించెను. పసుపును కాపాడినది అవ్వల జ్ఞాపకము కాదు. ఆ జ్ఞాపకమును ఎవరో ఎన్నడో వ్రాసిపెట్టుటయే.

పెద్దలారా! మన గ్రామములలో కొన్ని కుటుంబములకు కామెర్ల మందనియు, విఱిగిన యెముకకు కట్టు అనియు, పసిపిల్లల మందనియు పేరున్నది. చెప్పినచో మందు గుణము పోవునను నమ్మకముచేత తండ్రి కొడుకునకు కూడ అంత్యకాలమువఱకు చెప్పడు. ఒక్కొక్కప్పుడు చెప్పకయే పోవును. చెప్పినచో గుణము పోవు మందు లోకములో లేదు. నిమ్మపండు గుణమును లిండ్ అచ్చువేసి చాటెను, అది పోయినదా? చెప్పకపోవుటవలన పోయిన మందులు మాత్రము లెక్కకు మిక్కిలిగ నున్నవి. జీవనోపాధి పోవునన్న భయము చేంబర్లెనులకును ఉండెను. అది అర్థము లేని భయమని నేననను; కాని వారి పెట్టె నేలక్రిందికి పోయినది, వారి వంశమున కూడ ఆ విద్య నిలువలేదు.

ఇంకొక సంగతిని కూడ గట్టిగ చెప్పవలసియున్నది. తాటాకులో నున్నదని ఏ మందును గ్రుడ్డిగ వాడరాదు. పాదరసము, పాషాణము చేరిన యోగములు కొన్ని ప్రాణాపాయకరములు. ఒకే పేరుగల మూలిక రెండు జిల్లాలలో రెండు మొక్కలై యుండవచ్చును. పాము కఱచినవానిని మంత్రముల కొఱకు కూర్చుండబెట్టక, విషమునకు విఱుగుడుమందు గల ఆసుపత్రికి తక్షణమే చేర్పవలెను. ప్రాచీన యోగమును పరీక్షింపవలసినది లిండ్ చేసిన రీతిగా, వైద్యశాస్త్రజ్ఞుల చేతిలో. ఇంటిలోని రోగిపై కాదు. ఆ పరీక్ష జరుగుటకైనను ముందు అది బయటికి రావలెను గదా.

కాబట్టి మీ యిండ్ల అటకలమీదను, దేవుని గూటిలోను తాటాకు కట్టలుండినచో వెదకి చూడుడు. వానిని నదిలో కలుపవలదు, పాతవస్తువులు కొనువారికి ఈయవలదు. ఎండలో పెట్టవలదు, ఆకులు పెళుసై విఱుగును. త్రాడు బిగించి లాగవలదు. చెదలు పట్టని పొడిచోట శుభ్రమైన గుడ్డలో చుట్టియుంచి, దగ్గఱి గ్రంథాలయాధికారికి గాని కళాశాల పండితునకు గాని కబురు చేయుడు. పెద్ద గ్రంథాలయములలో ఆ ఆకులను శుభ్రపఱచి, నిమ్మగడ్డి నూనె పూసి, ఫొటోలు తీసి భద్రపఱచువారున్నారు. కట్టను వదలుకొన నిష్టములేనివారు, ప్రతి తీయించుకొని మరల ఇంటికి తెచ్చుకొనవచ్చును.

తాటాకు లేనివారి యింట నోటిమాటగా నున్న వైద్యముండును. దానిని ఎఱిగిన ముదుసలి ప్రక్కన బడిలో చదువుకొన్న మనుమనినో మనుమరాలినో కూర్చుండబెట్టి వ్రాయింపుడు. మొక్క పేరు, అది పెరుగు చోటు, ఏ భాగము, ఎంత తూకము, ఏ వ్యాధికి, ఎన్ని దినములు, గుణమీయని సందర్భమేది అనునవి వ్రాయవలెను. చివరిది అన్నిటికంటె ముఖ్యము. చెప్పినవారి పేరును, ఊరిని, తేదీని తప్పక వ్రాయుడు. పూనాలో ముక్కు నమర్చినవానికి ఆ మాత్రపు గౌరవము కూడ దక్కలేదు. ఈ పని వానకాలము రాకముందే మొదలిడుట మంచిది. ఆకులకు తడియు, ముదుసలివారికి కాలమును ఆగవు.